పుస్తక ప్రదర్శనకు వెళ్ళే విద్యార్థులకు, తల్లిదండ్రులకు

సంక్రాంతి సెలవులు దగ్గరపడుతుంటే మన ట్రస్టు కార్యాలయానికి వచ్చే తల్లిదండ్రులు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. "పిల్లల్ని బుక్ ఫెయిర్‌కు పంపితే ఏం లాభమండీ? పుస్తకాలు షాపులోనూ దొరుకుతాయి కదా!" ఉపకార వేతనంలో ప్రతి రూపాయికీ లెక్క చూసుకునే కుటుంబాలు అడిగే ప్రశ్న ఇది. కాబట్టి సూటిగా జవాబు చెప్పాలి. కొన్నేళ్ళుగా మన విద్యార్థులను వెంటబెట్టుకుని వెళ్తున్నాను. నేను చూసినవి, వారు చెప్పినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మన నగరంలో పుస్తక ప్రదర్శన 1977లో అన్నా సాలైలోని మదరసా-ఎ-ఆజం పాఠశాల ఆవరణలో మొదలైంది. దక్షిణ భారత పుస్తక విక్రేతలు, ప్రచురణకర్తల సంఘం (బపాసి) దీన్ని నిర్వహిస్తోంది. స్థలాలు మారుతూ వచ్చాయి. 2015 డిసెంబరు వరదల వల్ల మరుసటి నెలలో జరగవలసిన ప్రదర్శన 2016 జూన్‌లో ఐలండ్ గ్రౌండ్స్‌లో జరిగింది. ఇటీవలి సంవత్సరాల్లో నందనం వై.ఎం.సి.ఎ. మైదానంలో పెడుతున్నారు. నందనం మెట్రో స్టేషన్ దగ్గరే.

ఇక లాభం సంగతి. మామూలు దుకాణదారు త్వరగా అమ్ముడుపోయే పుస్తకాలనే అలమరలో ఉంచుతాడు. ప్రదర్శనలో ప్రచురణకర్తే స్వయంగా స్టాలు పెడతాడు కనుక, పదేళ్ళ క్రితం వేసిన పుస్తకం కూడా బల్ల మీదికి వస్తుంది. సాధారణంగా పది శాతం తగ్గింపు ఇస్తారు. అయితే అన్నిటికంటే పెద్ద లాభం వేరే ఉంది. తక్కువ డబ్బుతో ఎక్కువ పుస్తకాల మధ్య నిలబడి, తనకు ఏది కావాలో తానే తేల్చుకోవడం విద్యార్థికి అక్కడ అలవాటవుతుంది. ఈ విద్యను ఏ తరగతి గదిలోనూ ప్రత్యేకంగా నేర్పరు.

ఎంచుకోవడం ఎలా?

న్యాయశాస్త్రం చదువుతున్న మన విద్యార్థిని ఒకరు సగం ధరకు వస్తోందని ఒక లావుపాటి నేరశిక్షా స్మృతి పుస్తకం తీసుకోబోయింది. పక్కనున్న సీనియరు లోపలి పేజీ తిప్పి, ముద్రించిన సంవత్సరం చూపించింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది కనుక, పాత శిక్షా స్మృతి ఒక్కటే ఉన్న పుస్తకం కొత్త సిలబస్‌కు చాలదు. కామర్స్ విద్యార్థులకూ ఇదే మాట. జి.ఎస్.టి. 2017 జూలై 1న వచ్చింది. అంతకుముందు వేసిన పరోక్ష పన్నుల పుస్తకం ఎంత చవకైనా పరీక్షకు పనికిరాదు. అందుచేత ధర చూసేముందు ముద్రణ సంవత్సరం చూడండి. తర్వాత విషయసూచిక చూడండి. ఆ తర్వాత మధ్యలో ఏదైనా ఒక పేజీ నిలబడే చదవండి. ఆ పేజీ అర్థమైతే పుస్తకం మీకు తగినదే.

ప్లస్ టూ చదివే అబ్బాయి ఒకడు మూడు వందల రూపాయలతో వచ్చాడు. మొదటి గంటన్నర ఏమీ కొనలేదు. వరుసలన్నీ తిరిగి, నచ్చిన పదకొండు పుస్తకాల పేర్లు, ప్రచురణకర్తలు, ధరలు నోటుబుక్కులో రాసుకున్నాడు. చివరికి రెండు కొన్నాడు. మిగతావాటి కోసం ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికి వెళ్ళాడు. 1896లో ప్రారంభమైన ఈ గ్రంథాలయానికి, దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతి ఒకటి చట్టప్రకారం చేరాలి. అతని జాబితాలో నాలుగు అక్కడ దొరికాయి. 2010లో కోట్టూరుపురంలో ప్రారంభమైన అన్నా శతజయంతి గ్రంథాలయంలో మన సొంత పుస్తకాలు తీసుకువెళ్ళి చదువుకునే విభాగం కూడా ఉంది. ఇల్లు ఇరుకైన పిల్లలకు ఇది గొప్ప సదుపాయం. కనుక కొనలేకపోయామని బాధపడనక్కరలేదు. పేరు రాసుకుని బయటికి వచ్చినా సగం పని అయినట్లే.

బొమ్మల కథలంటే చిన్నచూపు వద్దు

కొందరు తండ్రులు కామిక్స్ స్టాలు దగ్గర పిల్లవాడి చెయ్యి పట్టుకుని లాగేస్తారు. 1972లో మొదలైన ముత్తు కామిక్స్, దాని తోడి లయన్ కామిక్స్ స్టాలు దగ్గర ఒకసారి నిలబడి చూడండి. చిన్నప్పటి నుంచి చదువుతున్న పెద్దవాళ్ళు అక్కడ ఒకరినొకరు పలకరించుకుంటూ, పాత సంచికల గురించి వాదించుకుంటూ కనిపిస్తారు. చదువు మీద ఇష్టం మనిషిని మనిషికి దగ్గర చేస్తుందని పిల్లలకు అక్కడ కళ్ళారా తెలుస్తుంది. 2024 ఫిబ్రవరిలో చెన్నైకి తొలిసారి వచ్చిన కామిక్ కాన్ కూడా ఇటువంటి అభిమానుల మేళాయే. కానీ దాని టికెట్టు ఖరీదు ఎక్కువ. మన పిల్లలకు పుస్తక ప్రదర్శనే అందుబాటులో ఉన్న మేళా.

తెలుగు పుస్తకం మాటేమిటి?

చందమామ 1947 జూలైలో తెలుగు, తమిళ భాషల్లో ఈ నగరంలోనే పుట్టింది. వావిళ్ళ వారి ప్రచురణలూ ఇక్కడివే. అయినా నేటి ప్రదర్శనలో తెలుగు పుస్తకాన్ని వెతుక్కోవాలి. 2006 నాటి చట్టం తర్వాత రాష్ట్రంలోని పాఠశాలల్లో తమిళం తప్పనిసరి అయింది. తమిళం మన పిల్లలకు అన్నం పెట్టే భాష, బాగా నేర్చుకోవలసిందే. తెలుగు అక్షరాల బాధ్యత మాత్రం ఇంటిమీద పడింది.

అయిదో తరగతి పిల్లవాడి తల్లి ఒకామె చేసిన పని నాకు బాగా నచ్చింది. చెన్నైకి చెందిన తూలిక సంస్థ వేసిన తెలుగు-ఇంగ్లీషు బొమ్మల పుస్తకం ఒకటి కొన్నది. రాత్రి ఆమె తెలుగు వాక్యం చదివితే, పిల్లవాడు కింద ఉన్న ఇంగ్లీషు వాక్యం చదివేవాడు. వారం తర్వాత పిల్లవాడే, "అమ్మా, ఈరోజు పైది నేను చదువుతా" అన్నాడట. నేషనల్ బుక్ ట్రస్టు స్టాలులో కూడా తెలుగు పిల్లల పుస్తకాలున్నాయేమో అడగండి. వాటి ధరలు సామాన్యులకు అందేవే. ఇక్కడ దొరకనివి విజయవాడలో 1989 నుంచి జనవరిలో జరిగే పుస్తక మహోత్సవంలో దొరకవచ్చు. అక్కడ బంధువులుంటే జాబితా పంపండి.

చివరగా మనవి. వీలైతే రద్దీ తక్కువగా ఉండే పని దినాల్లో వెళ్ళండి. మంచినీళ్ళ సీసా, గుడ్డసంచి, నోటుబుక్కు, కాలేజీ గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. తల్లిదండ్రులు బడ్జెట్టు ముందే చెప్పి, ఎంపిక పిల్లలకు వదిలిపెట్టండి. ఒక పాఠ్య సంబంధమైన పుస్తకం, ఒక ఇష్టమైన పుస్తకం, ఒక తెలుగు పుస్తకం ఉంటే చాలు. తాము ఎంచుకున్న పుస్తకాన్ని పిల్లలు మూలన పడేయరు. నేను ఇన్నేళ్ళలో గమనించింది ఇదే.