పరిగె హక్కు: పెంటపాడు వరిచేల నేపథ్యములో లేవీయకాండము 19:9-10

కోత తరువాత చేలో మిగిలిన వెన్నులను ఏరుకొనుటను మన బైబిలు "పరిగె" అన్నది. ఈ మాటను పెంటపాడు, తాడేపల్లిగూడెం ప్రాంత సంఘములలో వివరించనక్కరలేదు. పెద్ద వయస్సు స్త్రీలలో అనేకులు ఈ పని స్వయముగా చేసినవారే.

వాక్యభాగములో రెండు హెబ్రీ పదములను గమనించవలెను. "పేయా" అనగా పొలము అంచు, "లెకెత్" అనగా రాలినది. వీటిని బీదలకును పరదేశులకును విడిచిపెట్టుమని దేవుడు ఆజ్ఞాపించెను. యజమాని దీనిని దానముగా ఇచ్చుట లేదు. అవి మొదటినుండి అతనివి కావు. మిష్నాలోని పేయా అను భాగము అంచుకు గరిష్ఠ పరిమితి పెట్టలేదు గాని అరవయ్యవ వంతుకు తగ్గరాదన్నది. రూతు ఒక్క దినములో ఏరి దుళ్లగొట్టిన యవలు తూమెడు (రూతు 2:17). అత్తాకోడళ్లకు అది చాలా దినముల తిండి. మనము రూతు విధేయతను గూర్చి ఎంతో ప్రసంగించి, ఆమెకు ఆ చేలో అడుగుపెట్టు హక్కు ఇచ్చిన ధర్మశాస్త్రమును దాటిపోవుచుంటిమి.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన తరువాత ఈ సీమ సార్వా, దాళ్వా రెండు పంటల సీమ అయినది. ఇప్పుడు కోత యంత్రము కోసి, నూర్చి, ధాన్యమును ట్రాక్టరులో పోయుచున్నది. వెనుక రాలినవి విడిగింజలే; చేతితో ఏరుటకు వెన్ను దొరకదు. కోత కూలియు తగ్గినది. కొల్లేరు వైపు వరిచేలు చేపల చెరువులైన చోట చేపలు వలనుండి నేరుగా లారీ ఎక్కును. 2006లో ప్రభుత్వము కొల్లేరు అభయారణ్యములోని చెరువుల గట్లను కొట్టించినను, దాని వెలుపలి చెరువులు నిలిచియున్నవి. యంత్రమును నిందించుట నా ఉద్దేశము కాదు. నడుము వంచి కోసినవారెవరును ఆ పని తిరిగి రావలెనని కోరరు. పోయిన అంచుకు బదులేమిటన్నదే ప్రశ్న.

చుట్టూ వరి పండు ఊరిలో కూలి ఇంటివారు కూరగాయలను బజారులో కొనవలసియున్నది. 2020 లాక్‌డౌన్‌లో పని ఆగినప్పుడు కొనుటకు డబ్బు లేకపోయినది. చెరలోనున్న వారికి యిర్మీయా వ్రాసిన పత్రిక (29:5) ఇచ్చట అక్కరకు వచ్చును. సొంత దేశము లేనివారికే తోటలు నాటుమని అందులో చెప్పబడినది. మందిర ఆవరణలో మునగ, కరివేపాకు, బచ్చలి, ఆనప పాదులు పెట్టి, ఎవరినీ అడుగకుండ కోసికొనవచ్చునని సంఘములో ప్రకటించవచ్చును. అడిగి తీసికొనవలసి వచ్చిన క్షణమే అది పరిగె కాక భిక్షమగును. అయితే పెరటి పాదు భూమికి గాని న్యాయమైన కూలికి గాని బదులు కాజాలదు. కాలువ గట్లు ప్రభుత్వానివి గనుక అనుమతి లేక అక్కడ నాటరాదు. తొలగించునప్పుడు నష్టపోవువారు బీదలే.

వేసవిలో కాలువలు కట్టివేయుదురు గనుక మునగ మొక్కలను సార్వా వానలలోనే నాటి వేరూననియ్యవలెను. బచ్చలి పాదుకు ఆ నెలలలో స్నానపు నీళ్లు మళ్లించిన చాలును.