రామప్ప ఎరుపు తెర మీద ఎందుకు వెలసిపోతుంది?

కంప్యూటర్‌లో బొమ్మలు వేయడం నేర్చుకునే ఓరుగల్లు పిల్లలకు రామప్ప గుడిలోని మదనిక శిల్పాలను మించిన పాఠం లేదని నా నమ్మకం. రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన ఆ గుడి గోడలది ఎర్రని ఇసుకరాయి, చూరు కింద వాలుగా నిలిచిన మదనికలది నిగనిగలాడే నల్లరాయి. ఎరుపూ నలుపూ కలిసే ఆ అంచు దగ్గరే చిత్రకారుడి చూపు ఎంత పదునైనదో తేలిపోతుంది. ఇంటర్నెట్‌లో రామప్ప ఫొటోలకు కొదవ లేదు. కానీ ఒకదాన్ని కాపీ చేసి పెయింటింగ్ ప్రోగ్రామ్‌లో పేస్ట్ చేస్తే ఒక్కోసారి బొమ్మ చిన్నదై, మసకబారి, రంగు తేడాగా కనిపిస్తుంది.

కాపీ నొక్కినప్పుడు చాలాసార్లు ఫొటో ఫైలు ఉన్నదున్నట్టుగా రాదు. బ్రౌజర్ దాన్ని విప్పి, పిక్సెళ్ల అంకెలను క్లిప్‌బోర్డ్‌లో పెడుతుంది. 3000 పిక్సెళ్ల వెడల్పు, 2000 పిక్సెళ్ల ఎత్తు ఉన్న ఫొటోలో 60 లక్షల పిక్సెళ్లుంటాయి. ఒక్కోదానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకత కలిపి 4 బైట్లు, అంటే మొత్తం 2 కోట్ల 40 లక్షల బైట్లు. పైగా పేజీలో మనకు కనిపించేది తరచుగా అసలు ఫొటో కాదు, దాని చిన్న ప్రతి. కాపీ అయ్యేది ఆ చిన్నదే. వికీమీడియా కామన్స్ లాంటి చోట అసలు ఫైలును దించుకుని, దాన్నే ప్రోగ్రామ్‌లో తెరవడం మేలు.

ఇక రంగు సంగతి. ఎరుపుకు 200 అనే అంకె ఉంటే, అది ఎంత ఎరుపో చెప్పాల్సింది కలర్ ప్రొఫైల్. హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ 1996లో ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ వెబ్‌కు ప్రమాణంగా స్థిరపడింది. ఐఫోన్ లాంటి కొత్త ఫోన్లు అంతకన్నా విశాలమైన డిస్‌ప్లే పీ3లో ఫొటోలు తీస్తాయి. ఆ అంకెలను ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చదివితే ఇసుకరాయి ఎరుపు వెలసిపోతుంది. అందుకే ప్రొఫైల్ లేని బొమ్మను పేస్ట్ చేసినప్పుడు క్రిటా అనే పెయింటింగ్ ప్రోగ్రామ్ ఒక ప్రశ్న వేస్తుంది: దీన్ని వెబ్ రంగులుగా చదవాలా, మీ మానిటర్ రంగులుగా చదవాలా? వెబ్ నుంచి తెచ్చినదానికి సాధారణంగా మొదటిదే సరి. దయచేసి ఆ ప్రశ్నను చదవకుండా మూసేయకండి.

మసకకు కారణం వేరు. జేపీఈజీ పద్ధతి బొమ్మను 8 పిక్సెళ్ల పొడవు, 8 పిక్సెళ్ల వెడల్పున్న గళ్లుగా విడగొట్టి, కంటికి అంతగా ఆనని వివరాలను వదిలేస్తుంది. మన కన్ను వెలుగునీడల తేడాను పట్టినంత బాగా రంగు తేడాను పట్టదు కాబట్టి, చాలా ఫైళ్లలో నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు దాస్తారు. మామూలుగా చూస్తే ఏమీ తెలియదు. నాలుగింతలు పెద్దది చేసి చూడండి, గోడ ఎరుపు మదనిక నల్లని భుజం మీదికి పాకి ఉంటుంది. ఆ అంచు రంగును కలర్ పికర్‌తో తీసుకుంటే మీ బొమ్మలోకీ ఆ మకిలే వస్తుంది. రంగును రాయి నడిమధ్య నుంచి తీసుకోండి. పని సాగుతున్నంతకాలం మళ్లీ మళ్లీ జేపీఈజీగా సేవ్ చేయకుండా, ప్రోగ్రామ్ సొంత ఫార్మాట్‌లోనే ఉంచండి.

క్లిప్‌బోర్డ్‌లోకి ఎక్కనిది ఇంకొకటుంది, ఫొటో తీసినవారి పేరు. ఎనిమిది వందల ఏళ్ల శిల్పం మీద ఎవరికీ కాపీరైట్ లేదు. ఫొటో మీద మాత్రం భారతీయ చట్టం ప్రకారం తీసినవారి జీవితకాలమంతా, ఆపై వారు మరణించిన తర్వాతి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కామన్స్‌లో ఎక్కువగా కనిపించే సీసీ బీవై-ఎస్ఏ లైసెన్స్ ఫొటోను మార్చి వాడుకోనిస్తుంది, అయితే తీసినవారి పేరు చెప్పాలి, మార్పులు చేసినట్టు తెలపాలి, మార్చిన బొమ్మను పంచుకుంటే అదే లైసెన్స్ కింద పంచుకోవాలి. పేస్ట్ చేసిన వెంటనే ఆ పేరునూ లైసెన్స్‌నూ లేయర్ పేరుగా రాసిపెట్టుకోండి.