దోమల జీనోములు – పాఠపరిష్కరణము



1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దొర యొక దోమ యుదరమును చీల్చి సూక్ష్మదర్శినితో పరీక్షింపగా, దాని జీర్ణాశయపు గోడయందు మలేరియా క్రిమి కానవచ్చెను. ఆ దోమ శరీరనిర్మాణమును తెలుపు మూలగ్రంథమును మానవుడు చదువుటకు మరి నూరేండ్లకు పైగా పట్టినది. ఆ గ్రంథమును గూర్చియు, దానిని భద్రపరచు భాండాగారమును గూర్చియు నేడు మనవి చేసెదను.

ప్రాణికణములయందు డి.ఎన్.ఏ. యను పదార్థ మున్నది. అందలి లిపికి అక్షరములు నాలుగే: ఎ, టి, జి, సి. మన యేబదియారింటిని నేర్చుటకే బాలురు మూల్గుచుందురు గదా! ఒక ప్రాణి యొక్క సమస్త లేఖనమును జీనోము అందురు. ఆఫ్రికాలో మలేరియాను వ్యాపింపజేయు అనాఫిలిస్ గాంబియే దోమ జీనోము 2002లో వెలువడెను. సుమారు 27 కోట్ల 80 లక్షల యక్షరములు. డెంగ్యూ దోమయగు ఏడిస్ ఈజిప్టైది 2007లో వెలువడెను. దీనికి రమారమి అయిదు రెట్లు. గ్రంథము పెద్దదని గౌరవింప నక్కరలేదు, అందు దాదాపు సగము పునరుక్తియే. పశువులను, మనుష్యులను పీడించు గోమారుల జాతిలో నొకదాని జీనోము 2016లో ప్రకటింపబడినది. అది 200 కోట్లకు పైబడినది.

ఇట్టి గ్రంథముల నొకచోట చేర్చి, ఇంటర్నెట్టు ద్వారా లోకమునకు చూపుటకై 2004లో అమెరికా ప్రభుత్వ ధనముతో వెక్టర్‌బేస్ అను భాండాగార మేర్పడెను. పుస్తకములను బీరువాలో పెట్టి తాళము వేయుట వంటి పని కాదిది. తాళపత్రములను పరిష్కరించినవారికి దీని కష్టము తెలియును. 2007 నాటి ఏడిస్ పాఠము త్రాడు తెగిన తాటాకుల కట్టవలె వేలకొలది తునకలుగా నుండెను. ఏ యాకు వెనుక నేది వచ్చునో తెలియదు. 2018లో పండితులు దానిని సరిచేసి మూడు క్రోమోజోములుగా కూర్చిరి. అప్పుడు జన్యువుల స్థానములు, గుర్తుసంఖ్యలు మారినవి. పాత సంఖ్యతో వెదకువానికి క్రొత్త పుటను చూపునది ఈ భాండాగారమే.

పాఠభేదముల విలువ నొక యుదాహరణమువలన గ్రహింపవచ్చును. దోమతెరలకు పట్టించు పైరెత్రాయిడు మందులును, డి.డి.టి.యును దోమ నరములలోని సోడియపు ద్వారములను పట్టుకొని చంపును. గాంబియే దోమలో ఆ ద్వారమును వ్రాసిన జన్యువునందు 'టి టి ఎ' యని యుండవలసిన చోట 'టి టి టి' యని యున్నచో, మందు చాలవరకు వ్యర్థము. ఒక్క యక్షరము! దానివలన తెరలో నిద్రించు శిశువునకు రక్షణ సన్నగిల్లును. కనుకనే ఒక్క దోమ ప్రతి చాలదు. ఆఫ్రికాలో పట్టిన 765 దోమల జీనోములను పోల్చి 2017లో ప్రకటించిరి. ఏ యూర నేమందు పనిచేయలేదో ఆ పరీక్షాఫలములును వెక్టర్‌బేస్‌నందు చేర్చబడినవి.

ఇది మనకు దూరపు సంగతి కాదు. మన పట్టణములలో మేడలపై నీటితొట్లలో పెరుగు అనాఫిలిస్ స్టీఫెన్సై దోమ 2012లో ఆఫ్రికాయందలి జిబూటీలోను, 2016లో ఇథియోపియాలోను కానవచ్చెను. దాని జీనోము 2014లోనే ప్రకటింపబడి యుండుటచే, అచ్చటి పరిశోధకులు తమ తొట్టెలోని దోమను దానితో పోల్చి చూడగలిగిరి.

తాటాకునకు చెదలు శత్రువు. ఈ గ్రంథమునకు చెదపురుగు లేదు గాని, దిద్దువారికి జీతము కావలెను. పరాన్నజీవుల భాండాగారముతో వెక్టర్‌బేస్‌ను 2019లో ఏకము చేసిరి. 2024లో అమెరికా ప్రభుత్వపు ఒప్పందము ముగిసెను. అటుపిమ్మట విరాళములను, చందాలను ఆశ్రయింపవలసి వచ్చినది. చందా యియ్యగల పరిశోధనశాలలు ధనికదేశములలో నున్నవి. మలేరియా దోమ లెక్కువగా నున్నవి బీదదేశములలో.