పేలని తుపాకి నేర్పిన పాఠం



మన హాస్టల్ వార్షికోత్సవంలో ఈసారి తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం మీద నాటిక వేశాం. నాటిక అయ్యాక చాలామంది అడిగిన ప్రశ్న ఒక్కటే: "అన్నా, ఆ తుపాకి నిజందేనా?" కాదు. అది వేప చెక్క, గోళీ, నవారు పట్టీ కలిస్తే తయారైన బొమ్మ. ఇదే హాస్టల్లో చదివి ఇప్పుడు పీజీ చేస్తున్న మేము, మీతో కలిసి దాన్ని ఎలా తయారు చేశామో, చేస్తూ ఏం తెలుసుకున్నామో ఇక్కడ రాస్తున్నాం.

అసలు రైఫిల్ కథ

మేము నమూనాగా తీసుకున్నది త్రీనాట్‌త్రీ. అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. 'లీ' అనేది దాని యంత్రాన్ని రూపొందించిన జేమ్స్ పారిస్ లీ పేరు. 'ఎన్‌ఫీల్డ్' లండన్ దగ్గర కర్మాగారం ఉన్న ఊరు. గొట్టం లోపలి వ్యాసం 0.303 అంగుళం, అంటే 7.7 మిల్లీమీటర్లు. అందుకే ఆ పిలుపు. 1907లో వచ్చిన మార్క్ 3 రకం పొడవు 44.5 అంగుళాలు, బరువు దాదాపు 4 కిలోలు. మ్యాగజైన్‌లో పది గుండ్లు పడతాయి. కలకత్తా దగ్గరి ఇషాపూర్‌లో మన దేశంలోనూ తయారైంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో వాడారు. 1948 సెప్టెంబర్ 13న హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చిన భారత సైనికుల చేతుల్లోనూ ఇదే రకం రైఫిల్ ఉంది.

పాతది బాగుచేయడం

మా పని స్టోర్ రూములో మొదలైంది. డ్రిల్లు కోసం ఎప్పుడో చేయించిన చెక్క రైఫిల్ ఒకటి అక్కడ మూలన పడి ఉంది. చేత్తో పట్టుకునే సన్నటి చోట విరిగింది. మడమ దగ్గర చెదలు తిన్నది. చెదలు పట్టిన భాగాన్ని కోసేసి కొత్త చెక్క అతికించాం. విరిగిన చోట రెండు ముక్కలకూ ఎదురెదురుగా బెజ్జాలు వేసి, చెక్క మేకు దిగ్గొట్టి, ఫెవికాల్ పెట్టి రాత్రంతా తాడుతో బిగించి కట్టాం. ఇనుప మేకు కొడితే పాత చెక్క చీలిపోతుంది. ఇది గుర్తుంచుకోండి!

కొత్తది తయారు చేయడం

రెండోదాని కోసం శామీర్‌పేట నుంచి మేడ్చల్ సామిల్లుకు పోయి ఎండిన వేప పలక తెచ్చాం. ముందు అట్ట మీద కొలతల ప్రకారం బొమ్మ గీసి, కత్తిరించి, పలక మీద పెట్టి గీత గీశాం. రంపంతో కోసి, ఉలితో చెక్కి, చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్దాం.

ఈ రైఫిల్‌కు ఒక గుర్తు ఉంది. గొట్టం దాదాపు మొత్తం చెక్క కింద దాగి, ముందు భాగం మొద్దుగా ముట్టెలా కనిపిస్తుంది. అందుకని చిన్న పైపు ముక్క చాలింది. దానికీ చెక్క బిరడా కొట్టి మూసేశాం. పక్కన ఉండే పిడికి గోళీ అతికించాం. అది కదలదు. మ్యాగజైన్ కూడా చెక్క దిమ్మే.

ఇక్కడ ఒక తప్పు చేశాం. ఏదో ఫోటో చూసి మ్యాగజైన్ అడుగు నలుచదరంగా చెక్కాం. అది 1960లలో ఇషాపూర్‌లో 7.62 మిల్లీమీటర్ల గుండు కోసం మార్చిన రకమట! 1948 నాటి కథలో అది ఉండకూడదు. మళ్లీ చెక్కి అడుగు ఏటవాలుగా చేశాం.

అవిసె నూనెలో జాజు కలిపి చెక్కకు పట్టించాం. ఇనుములా కనిపించాల్సిన చోట నల్లరంగు వేసి, ఆరాక పెన్సిల్ ముల్లు పొడి రుద్దాం. భుజానికి తగిలించే పట్టీ నవారుతో కుట్టాం.

2016 నాటి ఆయుధ నియమాల్లో నకిలీ తుపాకుల మాట కూడా ఉంది. అందుకే వార్డెన్ సారు ఉత్తరంతో ముందే పోలీస్ స్టేషన్‌లో చెప్పాం. బయటికి తీసుకుపోయినప్పుడల్లా గోనెసంచిలో చుట్టాం. మీరూ ఇలాంటిది చేస్తే ఈ రెండూ మరవకండి.

ఎవరి చేతికి ఇవ్వాలి?

రిహార్సల్ రోజున అందరికీ ఆ తుపాకే కావాలి! సరేనని కడవెండి ఊరేగింపు దృశ్యంలో ముందు నడిచే పిల్లవాడి చేతికిచ్చాం. ఉలి పట్టడం మాకు నేర్పిన వడ్ల తాత అది చూసి లేచి నిలబడ్డాడు. వాళ్ల నాయన నల్గొండ దిక్కు నుంచి బతకడానికి మేడ్చల్ వచ్చినవాడు.

"గిదేంది బిడ్డా? మా నాయనోళ్ల చేతుల కట్టెలు, వడిసెలలే ఉండె. తుపాకి అవతలోని చేతుల ఉండె. తుపాకి నువ్వే పట్టుకుంటె ఇగ నీ గుండె ధైర్యం ఏం గనవడ్తది?"

మా దగ్గర జవాబు లేదు. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకి గుండుకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. రైతులు తుపాకులు పట్టింది ఆ తర్వాతే. మ్యాగజైన్ అడుగు వంపు సరిచేయడానికి రెండు రోజులు కష్టపడ్డ మేము, ఇంత పెద్ద సంగతి చూసుకోలేదు!

దృశ్యం మార్చాం. ఊరేగింపులో కట్టెలు, వడిసెలలే. అవతలి తుపాకి అసలు చూపించలేదు. తెర వెనక డప్పు మీద ఒకే దెబ్బ. కొమరయ్య పాత్రధారి పడిపోతాడు. మా రైఫిళ్లు 1948 దృశ్యంలో సైనికుల భుజాన మాత్రమే కనిపించాయి.

తమ్ముళ్లారా! బొల్లారం దండు, హకీంపేట వైమానిక కేంద్రం పక్కనే పెరిగిన మనకు తుపాకి అంటే మోజు ఉండటం సహజం. కానీ పాత వస్తువు నమూనా చేసేటప్పుడు కొలతలు సరిపోతే చాలదు. ఆనాడు అది ఎవరి చేతిలో ఉందో, ఎవరి వైపు గురిపెట్టి ఉందో కూడా సరిపోవాలి. ఆ రెండు రైఫిళ్లూ స్టోర్ రూములో గోనెసంచిలో ఉన్నాయి. ఏటా అవిసె నూనె రాయండి. చెదలు పట్టకుండా చూసుకోండి. వచ్చే ఏడు నాటిక మీదే!