కవర్: ఒక్క మాట కింద ఎన్ని మాటలు!

పొద్దున్నే కూరగాయల బండి దగ్గర ‘అన్నా, ఒక కవర్ ఇవ్వు’ అంటారు. బడులు తెరిచే రోజుల్లో పిల్లల పుస్తకాలకు కవర్లు వేస్తారు. పెళ్లికి వెళ్తే కానుక డబ్బు కవర్లో పెట్టి చేతికిస్తారు. దిండుకు కవర్, ఫోన్‌కు కవర్, సోఫాకు కవర్. సాయంత్రం టీవీలో క్రికెట్ పెడితే కవర్ డ్రైవ్. ఆస్పత్రి కౌంటర్ దగ్గర నిలబడి ‘ఈ ఆపరేషన్ ఇన్సూరెన్స్‌లో కవర్ అవుతుందా?’ అని గుండె చిక్కబట్టుకుని అడుగుతారు. ఆలస్యంగా ఇల్లు చేరి కథలు చెప్పే కొడుకుతో ‘ఇక చాలు నీ కవరింగ్’ అంటుంది అమ్మీ.

రోజుకు ఇన్నిసార్లు నోట్లో నానే ఈ మాట అసలు ఎక్కడిది? ‘అరబీలో కఫర అంటే కప్పడం. ఇంగ్లిష్ వాళ్ల కవర్ దాన్నుంచే పుట్టింది’ అనే జవాబు అప్పుడప్పుడూ వినిపిస్తుంటుంది. వినడానికి బాగుంటుంది, నలుగురికీ పంపాలనిపిస్తుంది. కానీ అది నిజం కాదు. అసలు కథ ఇంతకంటే బాగుంటుంది. అందులో తెలుగు ముస్లిం ఇళ్లలోని మాటలకూ చోటుంది.

రోమ్ నుంచి లండన్ దాకా

కవర్ మూలం లాటిన్‌లో ఉంది. రోమన్లు మాట్లాడిన ఆ భాషలో ‘ఓపెరీరే’ అంటే మూయడం, కప్పడం. దాని ముందు ‘పూర్తిగా’ అనే అర్థాన్నిచ్చే ‘కో’ చేరితే ‘కోఓపెరీరే’ అయింది, అంటే బొత్తిగా కప్పేయడం. రోమన్ సామ్రాజ్యం పోయాక ఆ లాటిన్ ఒక్కో ప్రాంతంలో ఒక్కో భాషగా మారింది. మాట కూడా వాటితోపాటు మారింది. ఇటలీలో ‘కోప్రీరే’, స్పెయిన్‌లో ‘కుబ్రీర్’, ఫ్రాన్స్‌లో ‘కోవ్రీర్’. ప కాస్తా ఒకచోట బ అయింది, ఇంకోచోట వ అయింది.

1066లో ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండ్‌ను జయించాడు. ఆ తర్వాత చాలా కాలం అక్కడి దర్బారులో, కోర్టుల్లో ఫ్రెంచే నడిచింది. పాలకుల భాషలోని మాటలు మెల్లగా జనం వంటింట్లోకి, పడకగదిలోకి వచ్చేశాయి. వాటిలో కవర్ ఒకటి. దక్కన్‌లోనూ ఇదే జరిగింది. కుతుబ్‌షాహీల నుంచి ఆసఫ్‌జాహీల దాకా ఫార్సీ, ఉర్దూ దర్బారు భాషలుగా ఉండబట్టే పరదా, చద్దరు, గలీబు తెలుగువారి ఇళ్లలోకి వచ్చాయి. ఏలినవారి మాటలు గుడ్డలతో, గిన్నెలతో ఇంట్లోకి రావడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

జేబులోనూ ఉంది, పాతబస్తీ జ్ఞాపకాల్లోనూ ఉంది

కవర్‌కు ఇద్దరు దగ్గరి బంధువులున్నారు. చూస్తే ఎవరూ పోల్చుకోలేరు. ఒకటి కర్చీఫ్, రెండోది కర్ఫ్యూ.

పాత ఫ్రెంచిలో ‘కోవ్ర్’ అంటే కప్పేది, ‘షెఫ్’ అంటే తల. తలను కప్పే గుడ్డను ‘కోవ్రెషెఫ్’ అన్నారు. ఇంగ్లిష్ నోళ్లలో నలిగి అది కర్చీఫ్ అయింది. అంటే కర్చీఫ్ మొదట ఆడవాళ్లు తలకు కట్టుకునే వస్త్రం. తర్వాత చేతిలో పట్టుకునే చిన్న గుడ్డ వచ్చినప్పుడు, దానికి ‘చేతి’ అన్న ముక్క ముందు తగిలించి హ్యాండ్‌కర్చీఫ్ అన్నారు. విడదీసి చెప్పాలంటే ‘చేతి తలగుడ్డ’! తెలుగులోకి వచ్చేసరికి ఆ ‘చేతి’ రాలిపోయి మళ్లీ కర్చీఫ్ మిగిలింది. తల మీదిది జేబులోకి దిగింది.

రుమాలు కథ దీనికి సరిగ్గా తలకిందులు. ఫార్సీలో ‘రూ’ అంటే ముఖం, ‘మాల్’ అంటే తుడిచేది. ముఖం తుడుచుకునే గుడ్డ రుమాల్. తెలంగాణ పల్లెల్లో మాత్రం పెద్దవాళ్లు తలకు చుట్టుకునేదాన్నీ రుమాలే అంటారు. చీరాల, పుట్టపాకల్లో నేసిన తేలియా రుమాళ్లను అరబ్ దేశాల్లో కూడా తలకు చుట్టుకునేవారు. నూనె కలిపి నూలును శుద్ధి చేస్తారు కాబట్టి తేలియా అనే పేరు వచ్చింది. మొత్తానికి తలది చేతికి వచ్చింది, చేతిది తలకెక్కింది.

ఇక కర్ఫ్యూ. ‘కోవ్ర్’ అంటే కప్పు, ‘ఫూ’ అంటే నిప్పు. మధ్యయుగాల యూరప్‌లో ఇళ్లు ఎక్కువగా కర్రవి, పైన గడ్డి కప్పు. రాత్రి పొయ్యిలో నిప్పు ఎగిసిందంటే వీధికి వీధే కాలిపోయేది. అందుకే ప్రతి సాయంత్రం ఒక వేళకు గంట కొట్టేవారు. ఆ గంట వినగానే ఎవరి పొయ్యి మీద వాళ్లు బూడిద కప్పాలి. తెలుగులో ‘నివురుగప్పిన నిప్పు’ అంటారు చూడండి, కర్ఫ్యూకు అచ్చమైన అర్థం అదే. నిప్పు ఆర్పడం కాదు, పొద్దుటికి పనికొచ్చేలా కప్పి ఉంచడం. కాలక్రమంలో నిప్పు సంగతి పోయి, ఆ వేళ దాటాక బయట తిరగకూడదన్న అర్థమే నిలిచింది.

హైదరాబాద్ పాతబస్తీలో పెరిగినవారికి కర్ఫ్యూ అంటే నిఘంటువు అక్కర్లేదు. 1990 డిసెంబర్ రోజులు గుర్తున్న ఇళ్లున్నాయి. పాల కోసం సడలింపు వేళ దాకా ఎదురుచూడటం, ఇంటికి చేరని మనిషి కోసం తలుపు వెనక నిలబడటం వాళ్లకు తెలుసు. ఇళ్లు కాలకూడదని పుట్టిన మాట, ఊళ్లు కాలేటప్పుడు మైకుల్లో వినిపించే మాటగా మారింది.

పోలిక ఉంటే చుట్టరికం ఉన్నట్టేనా?

ఇప్పుడు ‘కఫర’ సంగతి. అరబీలో క-ఫ-ర ధాతువుకు మొదటి అర్థం కప్పడమేనన్నది నిజం. విత్తనాన్ని మట్టిలో కప్పే రైతుకు కూడా ఈ ధాతువు నుంచే పేరు వచ్చింది. ఖుర్ఆన్‌లో సూరా అల్-హదీద్ 20వ ఆయత్‌లో వచ్చే ‘కుఫ్ఫార్’ అనే మాటకు చాలామంది వ్యాఖ్యాతలు రైతులు అనే అర్థమే చెప్పారు. సత్యాన్ని కప్పిపుచ్చడం, చేసిన మేలును మరుగుపరచడం అనే అర్థాలు ఆ కప్పడం నుంచి వచ్చినవే. ఉపవాసం భంగమైతే ఇచ్చే ‘కఫ్ఫారా’ కూడా అంతే, తప్పును కప్పేది.

మరి కవర్‌తో సంబంధం ఎందుకు లేదు? తేల్చుకోవడానికి సులువైన పద్ధతి ఒకటుంది. రెండు మాటలు నిజంగా ఒకే ఇంటివైతే, కాలంలో వెనక్కి వెళ్లేకొద్దీ వాటి మధ్య పోలిక పెరగాలి. ఇక్కడ తగ్గుతోంది. ఇంగ్లిష్ కవర్ కఫరలా వినిపిస్తుంది. ఫ్రెంచ్ కోవ్రీర్ కొంచెం దూరమైంది. లాటిన్ కోఓపెరీరే దగ్గరకు వచ్చేసరికి పోలికే లేదు. మాటలో మొదటి ‘కో’ తర్వాత అతికించింది, అసలు వేరు ‘ఓపెరీరే’. ఇద్దరు పరాయివాళ్లకు ముఖాలు కలవడం లాంటిదే ఇది.

ఇంగ్లిష్ లోపల కూడా ఇలాంటి భ్రమలున్నాయి. ‘డిస్కవర్’ కవర్ కుటుంబానిదే. కప్పు తీయడమే కనుగొనడం. కానీ జబ్బు నుంచి ‘రికవర్’ కావడానికీ కవర్‌కూ చుట్టరికం లేదు. అది తిరిగి పొందడం అనే అర్థమున్న ‘రెకుపెరారే’ అనే వేరే లాటిన్ మాట నుంచి వచ్చింది.

కవర్‌కు భారతదేశంలో అసలు బంధువు ఎవరంటే ‘ఆవరణ’. సంస్కృతంలో ‘వృ’ ధాతువుకు కప్పడం, చుట్టుముట్టడం అని అర్థం. ఓపెరీరేలోని మూలం, ఈ ‘వృ’ ఒకే పురాతన ధాతువు నుంచి వచ్చాయని భాషా శాస్త్రవేత్తలు చెబుతారు. బడి ఆవరణ, మసీదు ఆవరణ అని రోజూ అనే మాట కవర్‌కు దూరపు అన్నదమ్ముల బిడ్డ. చెవికి ఏమాత్రం పోలిక తెలియదు. ముఖం కలిసినవాడు బంధువు కాదు, కలవనివాడు బంధువు.

ఉత్తరం మీది కవరు, బండి మీది కవరు

ఉత్తరం పెట్టే సంచిని కవరు అనడం బ్రిటిష్ వారి తపాలా నుంచి వచ్చింది. బ్రిటన్‌లో 1840 ముందు తపాలా రుసుము కాగితాల లెక్కన వసూలు చేసేవారు. ఉత్తరం మీద ఇంకో కాగితం చుడితే అదీ లెక్కలోకి వచ్చేది. అందుకే చాలామంది ఉత్తరాన్నే మడిచి, బయట చిరునామా రాసి పంపేవారు. 1840లో బరువును బట్టి ఒకే ధర పెట్టాక పైకాగితం వాడకం పెరిగింది. ఆ పైకాగితమే కవరు. తెలుగు పోస్టాఫీసుల్లో కార్డు, కవరు, ఇన్‌లాండ్ లెటర్ అనే మూడు మాటలు ఒక తరం మొత్తానికి నోటికొచ్చు.

కూరగాయల సంచిని కవర్ అనడం మాత్రం ఇక్కడి వాడుక. అమెరికాకో ఇంగ్లండ్‌కో కొత్తగా వెళ్లినవారు దుకాణంలో కవర్ అడిగితే కౌంటర్‌లో ఉన్నవారికి అర్థం కాదు. అక్కడ అది బ్యాగ్. కవరింగ్ నగలు కూడా అలాంటివే. రాగి, ఇత్తడి మీద బంగారు పూత వేస్తే కవరింగ్. మచిలీపట్నం పక్కన చిలకలపూడి ఇలాంటి నగలకు పేరు మోసింది.

బీమాలో వినిపించే కవర్‌ను మాత్రం జాగ్రత్తగా వినాలి. లాటిన్‌లో అది ‘పూర్తిగా కప్పడం’. పాలసీలో అలా కాదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు కొన్నాళ్లు వేచి ఉండాలి, ఆ గడువు 36 నెలలు మించకూడదని 2024లో నిబంధన వచ్చింది. గది అద్దెకు పరిమితి ఉండొచ్చు, కొన్ని చికిత్సలకు అసలు వర్తించకపోవచ్చు. ‘కవర్ అవుతుంది’ అని ఏజెంట్ చెప్పిన మాటతో సరిపెట్టుకోకుండా, ఏవి కవర్ కావో రాసిన పేజీ చదివించుకోవాలి.

ఇంట్లోనే ఉన్న మాటలు

కవర్‌కు అరబీ మూలం వెతకాల్సిన పనిలేదు. అరబీ, ఫార్సీ నుంచి వచ్చిన కప్పుల మాటలు తెలుగు ఇళ్లలో కావలసినన్ని ఉన్నాయి. దిండు గలీబు అనే మాట అరబీ ‘గిలాఫ్’ నుంచి వచ్చింది. కాబా మీద కప్పే నల్ల పట్టువస్త్రాన్ని అరబీలో కిస్వా అంటే, ఉర్దూలో గిలాఫ్-ఎ-కాబా అంటారు. అదే గిలాఫ్ తెలుగులో మతంతో పనిలేకుండా అందరి దిండ్ల మీదా ఉంది. చాదర్ చద్దరు అయింది. పరదా పరదాగానే నిలిచింది.

లిఫాఫా అనే మాట చుట్టడం అనే అరబీ ధాతువు నుంచి వచ్చింది. ఉర్దూలో ఉత్తరం కవరూ లిఫాఫానే, పెళ్లిలో ఇచ్చే డబ్బు కవరూ లిఫాఫానే. కఫన్‌లో అన్నిటికంటే పైన చుట్టే వస్త్రం పేరు కూడా లిఫాఫానే. పెళ్లి కానుక నుంచి చివరి ప్రయాణం దాకా ఒకే మాట తోడుంటుంది. దాని స్థానంలో కవర్ అంటే పని జరుగుతుంది కానీ, ఆ బరువు ఉండదు.

ఇక్కడి నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లిన మాట కూడా ఒకటుంది. ‘పలంగ్‌పోష్’ అంటే మంచం మీద కప్పేది. 17, 18 శతాబ్దాల్లో కోరమండల్ తీరంలో చేత్తో గీసి రంగులద్దిన పలంగ్‌పోష్‌లు ఓడల్లో యూరప్ వెళ్లేవి. కలంకారీకి పేరున్న మచిలీపట్నం ఆ వ్యాపారంలో పెద్ద రేవు. మధ్యలో పెద్ద చెట్టు, కొమ్మల నిండా పూలు, పక్షులు ఉండే ఆ దుప్పట్లను అక్కడి ధనవంతులు మంచాలకు, గోడలకు వేలాడదీసుకున్నారు. పలంగ్‌పోష్ అనడం నోరు తిరగక ‘పలంపోర్’ అన్నారు. ఇప్పటికీ ఇంగ్లిష్ నిఘంటువుల్లో ఆ మాట ఉంది. షాల్, సోఫా, మ్యాట్రెస్, కాటన్ కూడా ఫార్సీ, అరబీల నుంచి ఇంగ్లిష్‌కు చేరినవే. ఇవి రుజువున్న చుట్టరికాలు. పిల్లలకు గర్వంగా చెప్పాలనుకుంటే ఇవి చెప్పొచ్చు, ఎవరు అడిగినా నిలబడతాయి.

ఈలోగా ఇంట్లో జరుగుతున్నది వేరు. నానమ్మ ‘గలీబులు మార్చు’ అంటే మనవరాలు ‘అంటే ఏంటి దాదీ?’ అంటోంది. లిఫాఫా, గలీబు, పుస్తకం అట్ట, మూత, చద్దరు అన్నీ ఒక్క కవర్ కిందికే వెళ్లిపోతున్నాయి. కవర్ చెడ్డ మాటేమీ కాదు, వేల మైళ్లు నడిచి వచ్చిన మాట. అయినా పండగకు దిండ్లు సర్దేటప్పుడు ఒకసారి గలీబు అని పిలిస్తే, పక్కనున్న పిల్లలు అదేంటని అడుగుతారు. చెప్పడానికి కాబా నుంచి బందరు దాకా కథ ఉంది.