ఐఫోన్‌లో క్రోమ్ వేసినా లోపల ఇంజిన్ యాపిల్‌దే: పాత ఫోన్ కొనేముందు ఇది చూసుకోండి

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారినవాళ్లు చాలామంది మొదటి రోజే చేసే పని ఒకటుంది. యాప్ స్టోర్‌కి వెళ్లి క్రోమ్ డౌన్‌లోడ్ చేసి, గూగుల్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయిపోతారు. బుక్‌మార్క్‌లు వచ్చేస్తాయి, పాస్‌వర్డ్‌లు వచ్చేస్తాయి, పాత ఫోన్‌లో వదిలేసిన ట్యాబ్‌లు కూడా కనిపిస్తాయి. ఇక అదే క్రోమ్ కదా అనిపిస్తుంది. కానీ కాదు. లోగో అదే, అకౌంట్ అదే, వెబ్ పేజీని చదివి స్క్రీన్ మీద గీసే భాగం మాత్రం వేరు. అది యాపిల్ తయారుచేసింది.

బ్రౌజర్‌ని బైక్‌లాగా ఊహించుకోండి. ట్యాబ్‌లు, అడ్రస్ బార్, సింక్, డార్క్ మోడ్ ఇవన్నీ బాడీ. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్‌ని అర్థం చేసుకుని నడిపేది ఇంజిన్. సఫారీ ఇంజిన్ పేరు వెబ్‌కిట్, క్రోమ్‌ది బ్లింక్, ఫైర్‌ఫాక్స్‌ది గెకో. యాప్ స్టోర్ రివ్యూ నిబంధనల్లో 2.5.6 అని ఒకటుంది. వెబ్ చూపించే యాప్ ఏదైనా వెబ్‌కిట్‌నే వాడాలన్నది దాని సారాంశం. అందుకే ఇక్కడ మనం కొనే ఐఫోన్‌లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్, బ్రేవ్ ఏది వేసినా లోపల తిరిగేది వెబ్‌కిట్టే. ట్యాంక్ మీద స్టిక్కర్ మారిస్తే సీసీ మారదు కదా.

ఇందులో ఒక తమాషా ఉంది. క్రోమ్ కూడా మొదట్లో వెబ్‌కిట్ మీదే నడిచేది. 2013లో గూగుల్ దాన్నుంచి విడిపోయి బ్లింక్ మొదలుపెట్టింది. ఆ వెబ్‌కిట్‌కి మూలం కేడీఈ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌లోని కేహెచ్‌టీఎంఎల్. అంటే ఇప్పుడు కొట్టుకుంటున్న ఇద్దరిదీ ఒకే తాతగారి ఇల్లు.

ఐఫోన్‌కి క్రోమ్ 2012లో వచ్చింది. అప్పట్లో దాని పరిస్థితి ఇంకా ఘోరం. జావాస్క్రిప్ట్‌ని అప్పటికప్పుడు మెషిన్ కోడ్‌గా మార్చి వేగంగా నడిపే జేఐటీ కంపైలర్ సఫారీకి ఉండేది, వేరే బ్రౌజర్లకి ఇచ్చిన పాత వెబ్‌వ్యూలో ఉండేది కాదు. 2014లో ఐఓఎస్ 8తో డబ్ల్యూకేవెబ్‌వ్యూ వచ్చాకే ఆ తేడా పోయింది. కాబట్టి ఇవాళ ఐఫోన్‌లో సఫారీకీ క్రోమ్‌కీ స్పీడ్ టెస్ట్ పెట్టే వీడియో ఎక్కడైనా కనిపిస్తే స్క్రోల్ చేసేయండి. ఒకే ఇంజిన్‌ని రెండుసార్లు కొలుస్తున్నారు. మా టీమ్‌లో కూడా అంతే, "ఐఫోన్ క్రోమ్‌లో బటన్ పనిచేయట్లేదు" అని టికెట్ వస్తే ముందు సఫారీలో తెరిచి చూస్తాం.

సరే, లోపల ఏ ఇంజిన్ ఉంటే మనకేంటి? ఫోన్ కొత్తదైతే నిజంగానే పెద్దగా ఏమీ లేదు. రోజూ వాడే సైట్‌లు రెండింటిలోనూ బాగానే నడుస్తాయి. తేడా కనిపించేది ఫోన్ పాతబడ్డాక.

పాత ఫోన్ దగ్గరే అసలు పరీక్ష

ఆండ్రాయిడ్‌లో బ్రౌజర్ ఇంజిన్ ఒక మామూలు యాప్‌లా ప్లే స్టోర్ ద్వారా అప్‌డేట్ అవుతుంది. వేరే యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ కూడా అంతే. ఫోన్ కంపెనీ చేతులెత్తేసి ఏళ్లు గడిచినా బ్రౌజర్ మాత్రం కొత్తగానే ఉంటుంది. 2018 నాటి ఆండ్రాయిడ్ 9 ఫోన్‌కి క్రోమ్ 138 దాకా, అంటే 2025 దాకా కొత్త వెర్షన్లు వచ్చాయి. మధ్యలో ఆ ఫోన్‌కి ఒక్క సిస్టమ్ అప్‌డేట్ రాకపోయినా సరే.

ఐఫోన్‌లో వెబ్‌కిట్ ఐఓఎస్‌లో భాగం. ఐఓఎస్ ఆగిన చోటే ఇంజిన్ కూడా ఆగుతుంది. ఐఫోన్ 7 ఐఓఎస్ 15 దగ్గర ఆగిపోయింది. ఐఫోన్ 8, ఐఫోన్ ఎక్స్ ఐఓఎస్ 16 దగ్గర. ఎక్స్‌ఆర్, ఎక్స్‌ఎస్ ఐఓఎస్ 18 దగ్గర, ఎందుకంటే ఐఓఎస్ 26 ఐఫోన్ 11 నుంచే మొదలవుతుంది. అడపాదడపా సెక్యూరిటీ ప్యాచ్‌లు పాతవాటికీ ఇస్తున్నారు, అది మెచ్చుకోవాల్సిందే. కానీ వెబ్‌లో వచ్చే కొత్త ఫీచర్లు వాటికి రావు.

ఒక ఉదాహరణ చూద్దాం. సీఎస్‌ఎస్ నెస్టింగ్ అని ఒక సౌకర్యం ఉంది, ఒక రూల్ లోపల ఇంకో రూల్ రాసుకోవచ్చు. సఫారీకి ఇది 2023లో 16.5 వెర్షన్‌తో వచ్చింది. డెవలపర్ దాన్ని పాత పద్ధతిలోకి మార్చకుండా అలాగే సైట్‌లో పెట్టేస్తే ఐఫోన్ 7కి అర్థం కాదు. మెనూ విడిపోయి కిందకి జారుతుంది, కొన్నిసార్లు బటన్ ఎక్కడుందో కూడా తెలియదు. అదే పేజీ ఆ ఆండ్రాయిడ్ 9 ఫోన్‌లో క్రోమ్ 138తో తెరిస్తే చక్కగా వస్తుంది. ఆండ్రాయిడ్ వాడేవాళ్లకి "వేరే బ్రౌజర్‌లో ట్రై చేయి" అన్నది మంచి సలహా. ఐఫోన్ వాడేవాళ్లకి అది వేరే రంగు డబ్బాలో అదే బిస్కెట్.

ఆండ్రాయిడ్ అభిమానులు ఇక్కడే విజిల్ వేయొద్దు. ఐఫోన్ 7 ఐఓఎస్ 10తో పుట్టి 15 దాకా వెళ్లింది. ఆ కాలపు ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి రెండు పెద్ద అప్‌డేట్లు వస్తే అదే గొప్ప. సిస్టమ్ పరంగా యాపిల్ ఎక్కువ కాలం చూసుకుంటుంది. నా అభ్యంతరం ఒక్కటే, బ్రౌజర్‌ని తీసుకెళ్లి ఆ సిస్టమ్‌కే కట్టేయడం.

అన్ని యాప్‌లూ ఒకే సిస్టమ్ భాగం మీద ఆధారపడితే ఏమవుతుందో తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అక్షరం గొడవ గుర్తుందా? ఒక ప్రత్యేకమైన కూర్పులో ఆ అక్షరం మెసేజ్‌గా వస్తే చాలు, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్‌లో యాప్ క్రాష్ అయ్యేది. ఐమెసేజ్ ఒక్కటే కాదు, వాట్సాప్, మెసెంజర్ కూడా పడిపోయాయి. తప్పు ఆ యాప్‌లది కాదు, అక్షరాలని పేర్చే సిస్టమ్ భాగానిది. ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 వచ్చి సర్దింది. వెబ్‌కిట్‌లో లోపం దొరికినప్పుడూ ఇదే వరస. ఐఫోన్‌లో ఉన్న బ్రౌజర్లన్నిటికీ ఒకేసారి వర్తిస్తుంది, మందు ఐఓఎస్ అప్‌డేట్ రూపంలోనే వస్తుంది.

యాప్ లేకుండా వెబ్‌సైటే యాప్ అయితే

2007లో మొదటి ఐఫోన్ వచ్చినప్పుడు యాప్ స్టోర్ లేదు. బయటి డెవలపర్లు సఫారీలో నడిచే వెబ్ యాప్‌లు రాసుకోవాలని స్టీవ్ జాబ్స్ చెప్పాడు. 2008లో యాప్ స్టోర్ వచ్చాక ఆ మాట అటకెక్కింది. మన దేశంలో 2015లో మింత్రా ఏకంగా వెబ్‌సైట్ మూసేసి యాప్ ఒక్కటే ఉంచింది, మరుసటి ఏడాది మళ్లీ తెరిచింది. అదే 2015లో ఫ్లిప్‌కార్ట్ మాత్రం ఫ్లిప్‌కార్ట్ లైట్ పేరుతో యాప్‌లా నడిచే వెబ్‌సైట్ తెచ్చింది. స్టోరేజ్ నిండిపోయిన చిన్న ఫోన్లలో అలాంటివి ఎంత మేలో వాడినవాళ్లకి తెలుసు.

ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఇలాంటి సైట్ తెరిస్తే ఇన్‌స్టాల్ చేసుకోమని అదే అడుగుతుంది. చేస్తే మామూలు యాప్‌లాగే యాప్ డ్రాయర్‌లో కూర్చుంటుంది. ఐఫోన్‌లో షేర్ బటన్ నొక్కి, కిందకి జరిపి, "యాడ్ టు హోమ్ స్క్రీన్" వెతుక్కోవాలి. ఇలా పెట్టుకున్న వెబ్ యాప్‌లకి నోటిఫికేషన్లు 2023లో ఐఓఎస్ 16.4తో వచ్చాయి. అంటే ఐఫోన్ ఎక్స్‌కి ఉన్నాయి, ఐఫోన్ 7కి ఎప్పటికీ రావు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఒక సైట్‌ని ఏడు రోజుల సఫారీ వాడకంలో ఒక్కసారి కూడా ముట్టుకోకపోతే, ఆ సైట్ జావాస్క్రిప్ట్‌తో ఫోన్‌లో దాచుకున్న డేటాని వెబ్‌కిట్ తుడిచేస్తుంది. ట్రాకింగ్‌ని ఆపడానికి 2020లో పెట్టిన రూల్ ఇది. ఉద్దేశం మంచిదే, కానీ బ్రౌజర్‌లోనే నోట్స్ దాచే చిన్న సైట్‌లకి దెబ్బ. హోమ్ స్క్రీన్‌కి చేర్చుకున్నవాటికి ఈ రూల్ వర్తించదు కాబట్టి, మీకు కావాల్సిన సైట్‌ని ఇవాళే చేర్చేసుకోండి.

యాపిల్ వైపు కూడా ఒక వాదన ఉంది. జేఐటీ అంటే నడుస్తుండగానే కొత్త మెషిన్ కోడ్ తయారుచేసి అమలుచేయడం. ఆ అధికారం ప్రతి యాప్‌కీ ఇస్తే దాడికి దారులు పెరుగుతాయి. ఇది కొట్టిపారేసే మాట కాదు. ఇంకో భయం కూడా ఉంది, ఐఫోన్ తలుపు తెరిస్తే లోకమంతా బ్లింక్ ఒక్కటే మిగులుతుందని. ఆండ్రాయిడ్‌నే చూడండి. శాంసంగ్ ఇంటర్నెట్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డి అన్నీ క్రోమియం పిల్లలే. వేరే ఇంజిన్ కావాలంటే చెప్పుకోదగ్గది ఫైర్‌ఫాక్స్ ఒక్కటే. అయినా అక్కడ ఆ ఒక్కటైనా ఉంది. దానికి 2023 డిసెంబర్ నుంచి ఎక్స్‌టెన్షన్లు బాగా తెరుచుకున్నాయి, యూబ్లాక్ ఆరిజిన్ కూడా నడుస్తుంది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లే లేవు. ఐఫోన్‌లో సఫారీకి 2021లో ఐఓఎస్ 15తో వచ్చాయి, కానీ సఫారీలో వేసుకున్న ఎక్స్‌టెన్షన్ పక్కనే ఉన్న క్రోమ్‌లో పనిచేయదు. అందుకే ఐఫోన్‌లో సఫారీనే వాడమంటాను. క్రోమ్ సింక్ తప్పనిసరి అయితే తప్ప వేరేది వేసుకుని ప్రయోజనం లేదు.

యూరప్‌లో చట్టం ఒత్తిడితో 2024 మార్చిలో, ఐఓఎస్ 17.4 నుంచి వేరే ఇంజిన్లకి అనుమతి ఇచ్చారు. దానికి ముందు అక్కడ హోమ్ స్క్రీన్ వెబ్ యాప్‌లనే తీసేస్తామని యాపిల్ ప్రకటించి, గోల అయ్యాక వెనక్కి తగ్గింది. జపాన్ కూడా 2024లో చట్టం చేసింది. మన దగ్గర డిజిటల్ కాంపిటీషన్ బిల్లు డ్రాఫ్ట్ అదే 2024 మార్చిలో బయటికొచ్చింది. డ్రాఫ్ట్‌ని నమ్ముకుని ఫోన్ కొనలేం కదా.

సెకండ్ హ్యాండ్ ఐఫోన్ చూస్తుంటే బ్యాటరీ హెల్త్ ఒక్కటే అడక్కండి. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి ఐఓఎస్ వెర్షన్ చూడండి, ఆ మోడల్ ఎక్కడిదాకా వెళ్లగలదో కూడా చూసుకోండి. తర్వాత మీరు రోజూ వాడే బ్యాంక్, కాలేజ్, టికెట్ సైట్‌లు నాలుగు అక్కడే సఫారీలో తెరవండి. పాత ఆండ్రాయిడ్ అయితే ప్లే స్టోర్‌లో క్రోమ్, ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ రెండూ వెతికి అప్‌డేట్ కొట్టండి. ఆండ్రాయిడ్ 10 కంటే కింద ఉంటే కొత్త క్రోమ్ రాదు, దానికి ఎక్కువ డబ్బు పెట్టొద్దు.