నాలుగు ఛాయల తెర, విమర్శకుల తీర్పు

చేతిలో ఇమిడే గేమ్ బాయ్ కోసం నింటెండో సంస్థ 1991లో ‘మెట్రాయిడ్ 2: రిటర్న్ ఆఫ్ సామస్’ అనే సైన్స్ ఫిక్షన్ వీడియో గేమ్‌ను విడుదల చేసింది. దాని కథను, ఆడే తీరును విమర్శకులు మెచ్చుకున్నారు. గుహలన్నీ ఒకేలా కనిపించి దారి తప్పిస్తున్నాయని తప్పుబట్టారు.

ఈ లోపానికి మూలం చాలావరకు తెరలోనే ఉంది. అందులో అడ్డంగా 160, నిలువుగా 144 పిక్సెళ్లు, నాలుగు ఛాయలు మాత్రమే ఉంటాయి. రంగులు లేకుండా గుహల మధ్య తేడా చూపడం కష్టం. కథానాయిక సామస్ బొమ్మ పెద్దది కావడంతో చుట్టూ కనిపించే భాగమూ తగ్గింది. పైగా మ్యాప్ లేదు.

అదే పరిమితి ఒక మేలూ చేసింది. సామస్ తొడిగే వేరియా సూట్‌ను రంగుతో గుర్తుపట్టే వీలు లేక, దానికి గుండ్రని పెద్ద భుజాలు గీశారు. తర్వాతి ఆటల్లోనూ ఆ రూపమే నిలిచింది. 2017లో ఈ ఆటను నింటెండో 3డీఎస్ కోసం రంగుల్లో మళ్లీ తయారుచేసినప్పుడు, కింది తెరపై మ్యాప్ చేర్చారు.